పన్నెండు దేశాల పాఠం

"ఇంత పెద్ద ఖండం చూపించి, ఏ దేశమో చెప్పకపోతే ఎలాగండీ?" అని టైలరు భార్య మళ్ళీ అడిగింది.

రెండిళ్ళ అవతల ఉండే సోషల్ మాస్టారు గోడకు పటం తగిలిస్తున్నారు. రిటైరై చాన్నాళ్ళయినా ఆయన గొంతు తగ్గలేదు.

శిశు సంక్షేమ శాఖ అధికారిణి చెప్పింది ఒక్కటే ముక్క. దక్షిణ అమెరికా. దత్తత ఆర్డరు చేతికొచ్చేదాకా దేశం పేరు బయటపెట్టకూడదట. అది రూలట. ఆ ఖండంలో దేశాలు పన్నెండు. అందుకని మొగుడూ పెళ్ళాలిద్దరూ పన్నెండూ నేర్చుకుంటున్నారు.

పెళ్ళయి చాలా ఏళ్ళయింది. కడుపు పండలేదు. ఇద్దరి చదువూ హైస్కూల్లోనే ఆగిపోయింది. పాప ఏదైనా అడిగితే తెల్లమొహం వెయ్యకూడదని ఆవిడ పట్టుదల. పాప దేనికీ బెదిరిపోకూడదు. ఆవిడ బెంగంతా అదే.

పాఠం రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక, కుట్టుమిషన్ల మధ్య. మూడున్నరకల్లా ఆపెయ్యాలని ఆవిడ షరతు. ఆపగానే పటం చుట్టి బీరువా వెనక్కి తోసేసేది. ఎవరి కంటా పడనిచ్చేది కాదు.

పాఠంలోనూ కుదురుగా కూర్చునేది కాదు. లేచి గుమ్మం దాకా వెళ్ళేది. ఫోను తీసి చూసేది. మళ్ళీ వచ్చి కూర్చునేది.

"కాలు కాలిన పిల్లిలా తిరగకే. ఆ నది ఎటు పారుతోందో చూడు," అన్నాడు టైలరు. తను మాత్రం అడుగు దారం అయిపోయిన సంగతి గమనించకుండా మిషను తొక్కుతూనే ఉన్నాడు.

మాస్టారు పడమటి అంచున కొండల బారు చూపించారు. తూర్పుగా పారే మహా నదిని చూపించారు. ఏళ్ళ తరబడి చినుకు పడని ఎడారి చూపించారు. కొండలకూ సముద్రానికీ మధ్య సన్నగా సాగిన దేశాన్ని చూసి, కొలత టేపు వేలాడదీసినట్టుందన్నాడు టైలరు. ఆవిడ నవ్వలేదు. ఆ కొండల్లో నిప్పులు కక్కేవి ఉన్నాయా అని అడిగింది. ఉన్నాయన్నారు మాస్టారు. భూకంపాలో? అవీ వస్తాయి. పాములో? అడవిలో ఎన్ని కావాలంటే అన్ని.

"కాస్త మంచి మాటేదైనా చెప్పండి మాస్టారూ."

బంగాళాదుంప పుట్టిల్లు అదేనని, టమాటాకూ మిరపకూ మూలాలు ఆ వైపేనని ఆయన చెప్పారు. ఆవిడ మొహం కాస్త తేటపడింది.

"అయితే సగం వంటిల్లు అక్కడిదే," అంది.

మనకు ఎండాకాలమైతే ఆ దక్షిణపు దేశాల్లో చలికాలమని విన్న రోజు, టైలరు చేతిలోని చొక్కా పక్కన పడేశాడు. అటక మీంచి ఉన్ని గుడ్డ దింపాడు. కొలతలేవీ చూసుకోకుండానే చిన్న కోటు కత్తిరించాడు. ప్యాంటు కోసం వచ్చిన మనిషి చెమట తుడుచుకుంటూ, ఈ ఎండల్లో కోటేమిటి, మతి పోయిందా అని కసిరి వెళ్ళాడు. టైలరు తలెత్తలేదు. ప్రయాణంలో చలి వేస్తే అని భార్యతో గొణిగి, జేబులు ఇంకాస్త లోతుగా కుట్టాడు.

చరిత్ర మొదలైంది. అక్కడి పాతకాలపు రాజ్యంలో లెక్కలన్నీ తాళ్ళకు ముడులు వేసి దాచుకునేవారని మాస్టారు చెప్పారు. ఆ తర్వాత సముద్రం దాటి ఓడలొచ్చాయి. బంగారం పోయింది, రాజ్యాలు పోయాయి, ఎన్నో భాషలు పోయాయి.

"భాష ఎలా పోతుంది మాస్టారూ?"

"చుట్టూ ఇంకో భాషే వినిపిస్తుంటే పోతుందమ్మా. అన్నీ పోలేదులే. కొండల్లో ఇప్పటికీ మాట్లాడుకుంటారు."

"పుట్టిన భాష మర్చిపోవడానికి ఎన్నాళ్ళు పడుతుంది?"

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "పెద్దవాళ్ళయితే చచ్చేదాకా మరవరు. చిన్నపిల్లలకి ఏడాది చాలు."

ఆ రోజు పాఠం అక్కడితో ఆగిపోయింది.

మర్నాడు మాటలు నేర్పారు. అక్కడ ముఖ్యంగా రెండు భాషలని, అయినా రెండింట్లోనూ నీళ్ళను ఆగ్వా అనే అంటారని చెబితే, బతికించారన్నాడు టైలరు. ఆకలికి మాట నేర్చుకున్నారు. నిద్రకు నేర్చుకున్నారు. అమ్మకు ఏమంటారో చెప్పి మాస్టారు అనమన్నారు. టైలరు రెండుసార్లు అన్నాడు. ఆవిడ పెదవి కదపలేదు. మాస్టారు బలవంతపెట్టలేదు.

శుక్రవారం మధ్యాహ్నం అధికారిణి వచ్చింది. ఆర్డరు వచ్చిందని, సోమవారం ప్రయాణమని చెప్పింది. మంచినీళ్ళు ఇవ్వబోయిన టైలరు గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"ఏ దేశం?" అంది ఆవిడ.

"ఉరుగ్వే. ఇక గుట్టు అక్కర్లేదు."

ఆవిడ కళ్ళు మూసుకుంది. పాఠం అప్పజెప్పినట్టు, తనలో తానే చెప్పుకోవడం మొదలుపెట్టింది. చిన్న దేశం. పచ్చిక బయళ్ళు. మనుషుల కన్నా ఆవులే ఎక్కువ. పెద్ద కొండల్లేవు. ఎడారి లేదు.

"బెదిరిపోయేదేమీ లేదండీ అక్కడ," అంది మొగుడితో.

"లేదు," అన్నాడు టైలరు.

అధికారిణి సంతకాలు తీసుకుని వెళ్ళిపోయింది. ఆవిడ పటం తీసి నేల మీద పరిచింది. మూలలు లేవకుండా నాలుగు పక్కలా దారపు ఉండలు పెట్టింది. లేచి మొహం కడుక్కుంది. మళ్ళీ వచ్చి కూర్చుంది. మళ్ళీ లేచి వీధిలోకి చూసింది.

నాలుగింటికి స్కూలు వ్యాను దిగి వచ్చిన పాపను, పెంచుకునేవాళ్ళు దొరికేదాకా చూసుకోమని ఆరేళ్ళ కిందట పొత్తిళ్ళలో తమ చేతికిచ్చిన పాపను, ఆవిడ ఒళ్ళో కూర్చోబెట్టుకుని, పటం మీద చిటికెన వేలంత చోటు చూపించి, "ఇదిగో బంగారం, నువ్వు వెళ్ళే దేశం," అంది.