ముందు తెలిసినోళ్లు

"తెలిసి తెలిసి నా కొడుక్కు అంటించింది సార్, కేసు పెట్టుండ్రి," అంది నర్సమ్మ.

ఆమె కోడలు జయశ్రీకి ఐదో నెల. మొన్న దవాఖాన పరీక్షలో హెచ్‌ఐవీ బయటపడింది.

"తెలిసి అంటిస్తే నేరమే," అన్నాడు ఎస్సై. "ముందు తెలిసిందెవరికి? అనిల్, నువ్వెప్పుడు పరీక్ష చేయించుకున్నవ్?"

అనిల్ తల దించుకున్నాడు. "నాలుగేండ్ల కింద సార్, బొంబాయిల పనికి పోయినప్పుడు."

పెండ్లయి రెండేండ్లే.

నర్సమ్మ ముఖంలో ఆశ్చర్యం లేదు. జయశ్రీ అది చూసింది. "నీకూ తెలుసా అత్తమ్మా?"

"ఊర్ల వాని పేరు ఖరాబైతదని..." నర్సమ్మ గొణిగింది.

ఎస్సై కాగితం జయశ్రీ ముందుకు జరిపాడు. "ఇప్పుడు కేసు నువ్వు పెట్టొచ్చమ్మా."

"పెట్టి ఏ ఇంటికి పోవాలె సార్? ఈ సంగతి తెలిసి మా తల్లిగారోళ్లు గడప తొక్కనియ్యలే."

ముగ్గురూ ఇటిక్యాల బస్టాండులో ఒకే ఆటో ఎక్కి ఇంటికి పోయారు.