నెట్ హెల్ప్

మోసం తెలిశాక ఆమెకి మొదట కోపం రాలేదు. నవ్వొచ్చింది. ఆ తర్వాతే ఒళ్ళు మండిపోయింది.

ఆ గోదాము ఆఫీసులో కంప్యూటర్లన్నీ తాతల కాలం నాటివి. మౌస్ లేదు, బొమ్మల్లేవు. తెర మీద వట్టి అక్షరాలే. సరుకు బిల్లుల ప్రోగ్రాం వాటి మీద తప్ప నడవదు కాబట్టి ఎవరూ వాటిని మార్చే జోలికి పోలేదు. అవి ఒకదానితో ఒకటి తెగిపోయినప్పుడల్లా ఏవో కమాండ్లు కొట్టి మళ్ళీ కలపాలి. ఆ కమాండ్లు తెలిసిన మనిషి ఒక్కడే. ఆఫీసంతా ఆయన్ని మేస్టారనేది. ఆమె మాత్రం బాబాయ్ అనేది.

ఊరికే అనలేదు. ఆమెని ఏరికోరి తన గదిలోకి తీసుకున్నది ఆయనే. ఇంటర్వ్యూలో మిగతావాళ్ళు డిగ్రీలు చూపించబోతే అక్కర్లేదన్నాడు. ఆమె చేత తెర మీదున్నదంతా పైకి చదివించి, గొంతు స్పష్టంగా ఉంది, రేపట్నుంచి వచ్చెయ్యమన్నాడు. రేడియోలో ఉద్యోగం కాబోలమ్మా అని ఇంటికెళ్ళి తల్లితో చెప్పి ఒకటే నవ్వు.

బాబాయికి గీర ఎక్కువ. ఎదుటివాళ్ళ మొహం వంక చూసి మాట్లాడడు. టీ గ్లాసు చేతికిస్తే తప్ప అందుకోడు. పని పడితే కుర్చీలో వెనక్కి వాలి, "ఏమొచ్చిందో చదువు. అక్షరం మింగకు" అంటాడు. ఆమె చదవాలి, ఆయన చెప్పాలి, ఆమె కొట్టాలి. మీరే కొట్టెయ్యొచ్చుగా అంటే, ఊరికే చూస్తే నిలవదమ్మా, పైకి చదివితేనే బుర్రలో నిలుస్తుందని కబుర్లు చెప్పేవాడు. పోనీ ఆ కమాండ్లన్నీ ఒక్కసారి చెప్పెయ్యండని ఆమె ఎన్నిసార్లు బతిమాలిందో!

"ఎన్నని చెప్పనమ్మా? కొత్తవాటిలో ఉన్నట్టు ఈ మిషన్లలో హెల్ప్ అనేది ఉండదు. ఉన్నదంతా నా బుర్రలోనే" అనేవాడు.

నమ్మింది పిచ్చిమొహం. నమ్మి, తన డబ్బాలో సగం ఆయనకి పెట్టి తినేది. సాయంత్రం ఆయన్ని బస్సెక్కించాకే తన దారిన తను వెళ్ళేది. సొంత బాబాయికైనా అంత చెయ్యలేదు.

ఇంతలో పెద్దాఫీసు నుంచి కబురొచ్చింది. కంప్యూటర్ గదికి ఇక ఒక్క మనిషి చాలట. మేనేజరు ఆమెని పిలిచి కాసేపు నసిగాడు. మేస్టారు లేనిదే నువ్వు అడుగు వెయ్యలేవు కదమ్మా, నన్నేం చెయ్యమంటావు, నెలాఖరుకి ఇంకోటి చూసుకో అన్నాడు. ఇంట్లో సంపాదించేది ఆమె ఒక్కతే. ఆ మాట మేనేజరుకి చెప్పినా లాభం లేదని వచ్చేసింది.

సరిగ్గా ఆ మర్నాడే బాబాయి జ్వరమని రాలేదు. అదను చూసినట్టు ప్రింటర్ కనెక్షన్ తెగింది. బయట బిల్లుల కోసం లారీలవాళ్ళు హారన్లు మోగిస్తున్నారు. ఫోన్ చేస్తే బాబాయి ఎత్తలేదు. ఏం చెయ్యాలో పాలుపోక, ఆయన రోజూ కొట్టించే 'నెట్' అన్న మాట కొట్టి, దాని పక్కన 'హెల్ప్' అని కొట్టింది. ఏడుపు ఆగక కొట్టిందే గానీ ఏదో వస్తుందని కాదు.

తెర నిండిపోయింది.

ఏ కమాండ్ దేనికో, ఎలా వాడాలో, పూసగుచ్చినట్టు అంతా అందులోనే ఉంది. చూస్తూ చూస్తూనే ప్రింటర్ని కలిపేసింది. లారీలు కదిలిపోయాయి. ఆమె మాత్రం కుర్చీలోనే కూర్చుని పిచ్చిదానిలా నవ్వుకుంది. ఇన్నేళ్ళూ తనని గుప్పిట్లో పెట్టుకుని ఆడించాడన్నమాట. తన కుర్చీ కోసం ఆమె నోట్లో మట్టి కొట్టాడు. పరాయివాడైతే పోనీలే అనుకునేది. నోరారా బాబాయ్ అని పిలిచింది కదా, అదే ఆమెకి మింగుడుపడలేదు.

రెండు రోజులకి బాబాయి వస్తున్నాడని తెలిసి, ఆమె పెందలాడే వచ్చి అంతా సిద్ధం చేసుకుంది. ఆయన వచ్చి కూర్చోగానే మేనేజర్ని పిలుచుకొచ్చింది. గది ఇరుకు. మేనేజరు గుమ్మంలోనే, మానిటర్ వెనకవైపు నిలబడిపోయాడు. బాబాయి తల కూడా తిప్పకుండా, రండి సార్ అన్నాడు. అదే గీర.

"నెట్ హెల్ప్ కొట్టాను బాబాయ్" అంది. "లేదన్నారుగా, అంతా ఉంది. మీ నోటితోనే చదవండి. సార్ వింటారు."

బాబాయి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఇది తెలిస్తే ఇంక నా పక్కన ఎందుకు కూర్చుంటావమ్మా" అన్నాడు మెల్లిగా.

సిగ్గయినా లేదు ఈ మనిషికి అనుకుంటూ ఆమె మానిటర్ వైపు చెయ్యి చాచింది. ఈలోపే ఆయన కుర్చీ ముందుకి జరుపుకుని, తెర మీద వేలు ఆనించి, వరసగా చదువుకుంటూ పోయాడు. ఎక్కడా తడబడలేదు. ఒక్క అక్షరం మింగలేదు. గుమ్మంలో మేనేజరు తలాడిస్తూ వింటున్నాడు.

ఆమె చాచిన చెయ్యి చాచినట్టే ఉండిపోయింది.

మేనేజరు వచ్చాకే ఆన్ చేసి చూపిద్దామని పొద్దున ఆమె ఆపేసిన మానిటర్ ఇంకా ఆపేసే ఉంది.