అంచు బాతు

ఒక కన్ను మూసి ఉంది. రెండోది తెరిచి ఉంది.

"నిద్రపోతున్నావా తాతా, మమ్మల్ని చూస్తున్నావా?" పలకలు కోసే షారోన్ అడిగింది.

"రెండూనమ్మా" అన్నాడు ఇస్సాకు.

అది మార్కాపురంలో ఒక పలకల ఫ్యాక్టరీ. ఇస్సాకు అందులో పనివాడు కాదు. కొమరోలు వైపు నుంచి వచ్చి, గేటు పక్కన పారబోసిన పలక ముక్కలూ చిత్తు కాగితాలూ ఏరుకునే ముసలివాడు. మధ్యాహ్నం అన్నాలయ్యాక పనివాళ్లు షెడ్డు వెనక అరగంట నడుం వాలిస్తే, తనూ వచ్చి వరస చివర పడుకునేవాడు. పడుకున్నవాడు ఊరికే ఉండడు. ఉన్నట్టుండి దగ్గేవాడు. అందరూ ఉలిక్కిపడి, తిట్టుకుంటూ లేచి మిషన్ల దగ్గరికి పోయేవాళ్లు.

అది దొంగ నిద్ర. దొరికితే అందరినీ తీసేస్తానని కొత్త మేనేజరు ఆదిశేషు చెప్పి ఉన్నాడు. పడుకోకపోతే? త్రిపురాంతకంలో తెల్లారకముందే వంట చేసి బస్సెక్కే ఫెబీ, పోయిన నెల ఒకరోజు నడుం వాల్చకుండా కోత మిషను ముందు నిలబడి తూలింది. వేలు పోయింది.

ఎట్లాగో ఇంతవరకు ఎవరూ దొరకలేదు. ప్రభువు దయ అనేది ఫెబీ.

"కంభం చెరువులో బాతులను చూసినారా?" అన్నాడు ఇస్సాకు. "గుంపు నడిమి బాతు రెండు కళ్లూ మూస్తది. అంచున ఉండేది ఒక్కటే మూస్తది. సగం మెదడు పండుకుంటది, సగం మేలుకుంటది."

"ఎందుకా తిప్పలు? నిద్రే మానుకుంటే పోలా?" అన్నాడు ఇంకో పనివాడు జాకబ్.

"మానుకున్న జంతువు ఉంటే చూపించు నాయనా. నల్లమలలో పులి ఉందని తెలిసి కూడా జింక పండుకుంటది. నిద్ర సోమరితనమే అయితే, కోట్ల ఏండ్లలో దాన్ని వదిలించుకున్న జింక ఒకటన్నా మిగలాల గదా. మిగల్లా. పులి కంటే నిద్ర లేకపోవడమే పెద్ద చావు."

"ఇవన్నీ ఎక్కడ నేర్చినావు?"

"చిత్తు కాగితాల్లో పిల్లోళ్ల పుస్తకాలు కూడా వస్తాయిలే."

వారం తిరక్కముందే గోడ మీద నోటీసు పడింది. మధ్యాహ్నం పడుకుంటున్నట్లు తెలిసిందట.

"ఎవరు చెప్పినారు?" అంది షారోన్.

"ఇంకెవరు? ఒక కన్ను తెరుచుకొని పండుకునేటోడు. ఆ కన్ను మేనేజరుది" అన్నాడు జాకబ్.

షారోనే ముసలాయన సంచి తీసి గేటు బయట పెట్టింది.

"ఇంక ఈ పక్కకు రావద్దు తాతా."

అతను వంగి, సంచి భుజానికెత్తుకున్నాడు.

"అట్లనే తల్లీ. రేపట్నుంచి మీలో ఒకరు అంచున పండుకోండి."

మర్నాడే మేనేజరు వాళ్ల తలల దగ్గర నిలబడి ఉన్నాడు. అందరూ గాఢ నిద్రలో ఉన్నారు.

"దొరికినారు. లేవండి, గేటు బయటికి."

జాకబ్ లేవబోయాడు. షారోన్ అతని చెయ్యి పట్టి ఆపింది.

"లేవం సార్."

"ఏంది?"

"పులికే భయపడకుండా జింక పండుకుంటది. మీ నోటీసు పులి కంటే పెద్దదా సార్? ఫెబీ వేలు మీరు తెచ్చిస్తారా? అన్నా, అక్కా, పండుకోండి."

నలభై మంది మళ్లీ పడుకున్నారు. మిషన్లు తిరగలేదు. లోడు కోసం వచ్చిన లారీ గేటు దగ్గరే నిలిచిపోయింది. మూడు దాటింది. నాలుగింటికి ఓనరు పరిగెత్తుకొచ్చాడు. ఫెబీ లేచి, కట్టు కట్టిన చెయ్యి అతని మొహం ముందు పెట్టింది. ఓనరు ఆ చెయ్యి వైపు, గేటు దగ్గర లారీ వైపు చూశాడు.

"రోజూ అరగంట. గంట కొట్టి పండుకోండి" అన్నాడు ఓనరు.

కేకలకు షెడ్డు రేకులు అదిరాయి. దొంగ నిద్ర దొర నిద్ర అయింది. గంట కట్టే పని మేనేజరు మీదే పడింది.

నిచ్చెన పట్టుకున్న షారోన్ అడిగింది. "ఇప్పుడన్నా చెప్పండి సార్, మా సంగతి ఎవరు చెప్పినారు?"

"ఒకరు చెప్పేదేంది? మీ వీపుల మీద పలక పొడి చూసి నేనే కనిపెట్టినా" అన్నాడు ఆదిశేషు, గంటకు ముడి వేస్తూ. "పట్టుకుందామని మూడు నెలల నుంచి తిరగతానే ఉన్నా, నేను గేటు దాటితే చాలు, ఆ ముసలోడికి ఎక్కడలేని దగ్గు వచ్చేది."