గుట్టను పట్టే లెన్సు

“బాపూ, గా లెన్సు వద్దు. ఎన్కకు పోదాం పా. పొలం గట్టు కాడికెల్లి పొడుగు లెన్సుతోని తీద్దాం,” అన్నది లిడియా.

“నాకు నేర్పిస్తవా?” అని కసిరిండు యెషయా.

కసరడా మరి! పదిహేనేండ్ల సంది కరీంనగర్ల ఫోటో స్టూడియో నడుపుతున్న మనిషి. తల్లి రిబ్కమ్మ ఇంటి గోడకు రెండు మూరల దూరంల మోకాళ్ల మీద కూసోని కెమెరాకు కన్ను ఆనిచ్చిండు. గోడ మీద కప్పు కాడికెల్లి కిందిదాక పెద్ద పగులు. గోడెన్కనే గుట్ట. మొన్న క్వారీ పెట్టనీకి చూస్తున్న రాంచందర్ సేటు గా గుట్ట మీద ఒక్కటంటె ఒక్కటే మందు తూటా పేల్చి చూసిండు, గీ గోడ నోరు తెరిచింది. ఇగ క్వారీకి పర్మిషనిచ్చిండ్రంటె రోజుకు పది తూటాలు. ఊర్ల ఉన్న నలభై ఇండ్లల్ల ఒక్కటి నిలవడదు.

రేపు పొద్దుగాలనే క్వారీ మీద విచారణ. పర్మిషనిచ్చే పెద్దసారు ముంగట పెట్టనీకి ఊరోళ్లు ఒక్క ఫోటో తీసియ్యమన్నరు. ఊరు ఊరంత యెషయా మీదనే ఆశ వెట్టుకున్నది.

“పొలం కాడికెల్లి తీస్తె పగులు కనవడ్తదా? దారమంత గూడ కనవడది,” అన్నడు యెషయా. “పగులూ రావాలె, గుట్టా రావాలె. ముప్పై అయిదు ఎమ్మెమ్ లెన్సు పెట్టిన, గుట్ట సగమే వచ్చింది. ఇరవై నాలుగుది పెట్టిన, కొన తెగింది. గీ పదారుది పెట్టంగనే సూడు, అంత లోపల్కి వచ్చింది!”

గా పదారు లెన్సంటె ఆయనకు పానం. ఆర్నెల్లు ఆలోచించి, నాలుగు దుకాన్లు తిరిగి ఏరుకున్నది. పోయిన వానకాలం జైనూర్ కాడ రోడ్డు పక్కకే ఉన్న బోడగుట్టను దానితోనే తీసిండు. చూసినోళ్లందరు “గంత నడీ అడివికి ఎట్ల పోయినవ్ యెషయా” అని నోరెళ్లవెట్టిండ్రు. పోటీల మొదటి బహుమతి గూడ వచ్చింది.

“నేను చెప్పేది గదే బాపూ. గా జైనూర్ ఫోటోల గుట్ట...”

“ఇగ సాలు! నువ్వు చెప్పినట్టు తీస్తె గుట్ట వచ్చి ఇంటి మీద వడ్డట్టు కనవడ్తది. సేటు వకీలు ఊకుంటడా? మోసమని పట్టుకుంటడు. నేను ఉన్నది ఉన్నట్టే తీస్త.”

లిడియా మూతి ముడుచుకున్నది. తండ్రితోని పెండ్లిండ్లకు పోయి కెమెరా పట్టుడు నేర్సుకున్న పిల్ల. అయినా ఆయన చెవికి ఎక్కదని ఆమెకు ఎరుకే.

రిబ్కమ్మ చంకల కోడిని పెట్టుకోని బయటికొచ్చింది. “ఫోటో ఎందుకు కొడుకా. గీ కోడి గుట్ట మీద మేసి, గుడ్డు వెట్టనీకి ఇంటికి ఉరికొస్తది. గంతే దూరమని నేనే చెప్త సారుకు.”

“కోడి సాక్ష్యం చెల్లదే అవ్వా,” అని నవ్విండు యెషయా. “ఫోటో చెప్తది సూడు.”

తెల్లారి ఆఫీసుల పెద్దసారు ఫోటోను చేతులకు తీసుకోని చానసేపు చూసిండు. రాంచందర్ సేటు గూడ మెడ నిక్కి చూసిండు గని కిక్కురుమనలే.

“బాగా తీశారు. ఎవరు తీసింది?”

“నేనే సార్.” యెషయా ఛాతి ఇంత వెడల్పయ్యింది.

“కంప్యూటర్లో ఏమైనా మార్చారా?”

“ఒక్క సుక్క గూడ మార్చలే సార్. దేవుని తోడు.”

“అయితే వెనకాల అదే మాట రాసి సంతకం పెట్టండి.”

యెషయా అచ్చరం అచ్చరం దిద్ది రాసిండు, సంతకం వెట్టిండు. సారు దాన్ని ఫైల్ల పెట్టుకోని కండ్లద్దాలు తీసిండు.

“సోమవారం నేనే వచ్చి చూద్దామనుకున్నాను. ఇంత స్పష్టంగా ఉన్నాక ఇంక రావడం దేనికి? గుట్ట అంత దూరాన, వేలెడంత కనిపిస్తోంది. అక్కడ పేలిస్తే ఇక్కడ గోడ పగులుతుందా? పాత గోడ, దానంతటదే పగిలింది.”

యెషయా ముంగటికి ఒంగిండు. ఫైల్ల ఉన్న ఫోటో దిక్కు చూసిండు. గోడ ఏనుగంత ఉన్నది. ఎన్కనున్న గుట్ట, జైనూర్ బోడగుట్ట లెక్కనే, ఎక్కడో ఆకాశం అంచుకు పోయి కూసున్నది. పిల్ల మొత్తుకున్నది గిదే కదా అని అప్పుడు సమజయ్యింది.

“సార్, అది లెన్సు సార్! గా లెన్సు దగ్గరిదాన్ని పెద్దగ, దూరందాన్ని చిన్నగ...”

“ఒక్క చుక్క కూడా మార్చలేదని ఇప్పుడేగా దేవుడి మీద ఒట్టేశావు?”

“సారూ, మా కోడి...” అని లేచింది రిబ్కమ్మ. గదిల ఉన్నోళ్లంత పక్కున నవ్విండ్రు. సారు పర్మిషన్ కాయిదం మీద సంతకం వెట్టిండు.

వరండాల లిడియా తండ్రి కోసం ఆగలే. నానమ్మ చెయ్యి పట్టుకోని మెట్లు దిగుతున్నది. ఊరోళ్లు యెషయా మొఖం దిక్కు చూడకుంట పక్కకెల్లి పోతుండ్రు. తిట్టినా బాగుండునని ఏడుపొచ్చింది ఆయనకు. గోడకు ఒరిగి నిలవడ్డడు.

ఎన్కకెల్లి వచ్చి ఎవరో భుజం మీద చెయ్యేసిండ్రు. రాంచందర్ సేటు.

“తమ్మీ, గా లెన్సు నంబరేందో జర కాయిదం మీద రాసియ్యి. నాకు ఇంకా మూడు గుట్టలున్నయి.”