నిలవని చెంపలు

పదకొండో చెంప కూడా గుంట పడింది.

ఆర్నెల్ల క్రితం ఆ పేషెంటు పొట్టలోంచి కొవ్వు తీసి, అందులోంచే వేరుచేసిన మూలకణాలు కలిపి, కణితి ఆపరేషన్‌లో పోయిన చెంపలో నింపింది డాక్టరమ్మ. ఉత్త కొవ్వయితే కరిగిపోతుంది, మూలకణాలు తోడుంటే బతుకుతుందని ఆమె నమ్మకం. తీరా చూస్తే, స్కానులో సగం కూడా మిగల్లేదు.

మూడేళ్ళ శ్రమ బూడిదలో పోసిన పన్నీరైంది.

మొత్తం పన్నెండుమంది. అందరికన్నా ముందు చేయించుకున్నావిడ కుట్లు విప్పించుకున్నాక మళ్ళీ రానేలేదు. ఉత్తరాలు రాసినా జవాబు లేదు. ఏడాది దాటి నిలిచిన చెంప ఒక్కటైనా చూపించకపోతే పరిశోధన ఆపేస్తామని కమిటీ చెప్పింది. గడువు ఇవాళ మూడింటికి.

ఇంతలో తలుపు తోసుకుని ఒకావిడ లోపలికొచ్చింది. చీటీ లేదు, వరసా లేదు.

"ఒక్కసారి నా మొహం చూడండి డాక్టరుగారూ."

డాక్టరమ్మ రిపోర్టుల్లోంచి తలెత్తింది. రెండు చెంపలూ నిండుగా, సమంగా ఉన్నాయి. ఆమెకు ఒళ్ళు మండింది. ఉన్న అందానికి మెరుగులు దిద్దించుకోవాలని వచ్చేవాళ్ళంటే మొదట్నుంచీ గిట్టదు.

"మీ మొహానికేమైందమ్మా? లక్షణంగా ఉంది. నిజంగా అవసరమున్నవాళ్ళు బయట కూర్చున్నారు."

"అది కాదండీ, నేను..."

"నాకిప్పుడు టైము లేదు. దయచేసి వెళ్ళండి."

ఆవిడ చెంప తడుముకుంది. ఎందుకో నవ్వింది.

"లక్షణంగా ఉందన్నారు. అది చాలండీ."

వెళ్ళిపోయింది.

మూడింటికి కమిటీ ముందు చూపించడానికి డాక్టరమ్మ దగ్గర ఏమీ లేకపోయింది. పరిశోధన ఆగిపోయింది. గదిని కంటి విభాగానికి ఇచ్చేశారు. దాచిన కణాలన్నీ సాయంత్రంలోగా పారేయమన్నారు. ఎవరికో అప్పగించడానికి మనసొప్పక తన చేత్తోనే పారబోసింది.

కాగితాలు కట్టలు కడుతుంటే నర్సు వచ్చి, పొద్దున వచ్చినావిడకి ఫొటోలు తీశారా అని అడిగింది.

ఎవరావిడని విసుక్కుంది డాక్టరమ్మ.

వెళ్ళేటప్పుడు మెట్లమీద కనిపించిందని చెప్పింది నర్సు. ఇల్లు మారడంతో ఉత్తరం మొన్ననే అందిందట. రెండు రోజులు ప్రయాణం చేసి వచ్చిందట. మధ్యాహ్నం బండికి తిరిగి వెళ్ళిపోతోందట. కొత్త అడ్రసు ఇక్కడ రాసిచ్చే ఉంటుందనుకుని తను అడగలేదంది నర్సు.

డాక్టరమ్మ చేతిలో దారం ఆగింది.

"మీరు గుర్తుపట్టలేదా మేడమ్? మన ఒకటో నంబరు పేషెంటు."