సవతి తల్లి వేషం

అందరికన్నా ముందు ఏడ్చింది అరబాయే. నాటకం ఇంకా సగం కాలేదు, అప్పటికే ఆమె భుజం మీది గుడ్డ తడిసిపోయింది.

రంగం మీద అనాథ పిల్ల ఖాళీ గిన్నె ముందు పెట్టుకుని కూర్చుంది. ఆ పిల్ల గడ్డం గీసుకుని గౌను తొడుక్కున్న మగాడని మోరీ అనే ఆ రేవు ఊళ్ళో అందరికీ తెలుసు. తెలిస్తే మాత్రం ఏడుపు ఆగుతుందా? జనం ఒక్కొక్కరే లేచి వెళ్ళి తినేవేవో ఆ ఒళ్ళో పెట్టి వస్తున్నారు. అక్కడ నాటకాలంతే. ఆకలి వేషం కట్టినవాడికి కడుపు నిండాకే కథ ముందుకు నడుస్తుంది.

అరబా కూడా లేచింది. ఆమె కెంకె అమ్ముతుంది. పులిసిన మొక్కజొన్న పిండిని ఎండు అరటాకుల్లో చుట్టి ఉడికించడంలో ఆ రేవులో ఆమెకు సాటి లేదు. ఒక ముద్ద మీద వేయించిన చేప పెట్టుకుని రంగం దాకా వెళ్ళి, ఆ సవతి రాక్షసి చూడకముందే తినెయ్యమని పిల్లకి చెప్పింది. వెనక ఆడవాళ్ళు ఆమె మనసు వెన్న అన్నారు.

అంతలో సవతి తల్లి వచ్చింది, నడుముకి గుడ్డలు కుక్కుకున్న లావుపాటి వేషగాడు. వస్తూనే ఆ కెంకె లాక్కున్నాడు.

“ముందు పని చూడు. తిండి ఎక్కడికీ పారిపోదు.”

జనం బూతులు అందుకున్నారు. అరబా కూడా తిట్టబోయి ఆగింది. ఆ మాట పొద్దున ఆమే అన్నది, మన్సాతో.

మన్సా ఆమె భర్త ఎబో మొదటి భార్య కూతురు. తల్లి పోయింది. తండ్రి పడవల వెంట పడమటి రేవులకి పోయాడు, చేపల కాలం అయ్యేదాకా రాడు. ఆయన వచ్చేలోపు పిల్లని దూరాన కుమాసీ పట్నంలో ఒక పూటకూళ్ళ ఇంట్లో పనికి పెట్టేయాలని అరబా ఏర్పాటు చేసింది. రేపు పొద్దున్నే లారీ. పిల్ల బట్టలు మూట కూడా కట్టేసింది.

రంగం మీద సవతి తల్లి చేప నడిమి ముక్క తను నోట్లో వేసుకుని, తోక పిల్లకి విసిరింది. ఇంట్లో జరిగేదీ అదే. తర్వాత నడుము మీద చెయ్యి వేసుకుని, రేపు నిన్ను లారీ ఎక్కించి పట్నం పంపేస్తానన్నది.

అరబాకి తల కొట్టేసినట్టయింది. మొన్న ఈ నాటకం ఆడించే మేస్త్రీ క్వాంసా కెంకె కొనడానికి వచ్చి, పొయ్యి దగ్గర మన్సాతో చాలాసేపు మాట్లాడటం ఆమె చూసింది. అయితే ఇదా సంగతి. ఇంటి గుట్టంతా ఊరి ముందు పెట్టారు.

“చూశావా అరబా, ఇలాంటిది మన ఊళ్ళో ఉంటే సముద్రంలోకి తోసేవాళ్ళం” అన్నది పక్కింటావిడ, కళ్ళు తుడుచుకుంటూ.

తలనొప్పని చెప్పి అరబా లేచింది. గేటు దగ్గర మన్సా తల మీద గంపతో కెంకె అమ్ముతోంది. ఆ పిల్ల మొహం చూడలేక పెరటి దారిన బయటపడింది. సిగ్గుతో ఒళ్ళంతా మండిపోతోంది. దారిలో ఎవరు పలకరించినా, నాటకం చూసే పలకరిస్తున్నారేమో అనిపించింది.

తిన్నగా లారీ డ్రైవరు ఇంటికి వెళ్ళి, పిల్ల రావడం లేదని చెప్పింది. ఇంటికొచ్చి మూట విప్పి బట్టలు దండెం మీద వేసింది. పొయ్యి మీద పిండి కలియబెట్టడం రోజూ మన్సా పని. ఆ వేళ తెడ్డు తనే పట్టుకుంది. జబ్బలు పడిపోయాయి. ఇంత బరువు తెడ్డా ఆ పిల్ల తిప్పుతున్నది అనుకుని మళ్ళీ సిగ్గుపడింది. ముద్దలు కూడా పెద్దవి చుట్టింది. ఆకుల పొరలు పెంచి పిండి తగ్గించడం ఇన్నాళ్ళూ ఆమె నేర్పు. ఆ నేర్పూ వద్దనుకుంది.

పొద్దు వాలుతుండగా మన్సా ఖాళీ గంపతో వచ్చింది. అలవాటుగా బిందె అందుకోబోతే అరబా ఆపి, కూర్చోబెట్టి కంచం ముందు పెట్టింది.

మన్సా చేప వంక భయంగా చూసింది. “ఇది నీ ముక్క పిన్నీ.”

“ఇకనుంచి నీదే. తిను. రేపు నువ్వు కుమాసీ వెళ్ళడం లేదు. ఎప్పటికీ వెళ్ళవు.”

అరబా నేల వంక చూస్తూ, తల ఎత్తకుండానే అడిగింది.

“నా సంగతులు క్వాంసాకి నువ్వే చెప్పావు కదూ? కోప్పడనులే.”

“ఇంట్లో అమ్మ ఎలా చూస్తుందని అడిగాడు పిన్నీ. చెప్పాను.”

“మంచి పని చేశావు. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. ఆ వేషంలో నన్ను నేను చూసుకుని చచ్చిపోయాననుకో.”

“నువ్వు చూళ్ళేదుగా” అన్నది మన్సా అయోమయంగా. “మధ్యలోనే వచ్చేశావని పక్కింటత్త చెప్పింది.”

“చూడకపోవడమేమిటే, ఆ రాక్షసి నా కళ్ళ ముందే నీ నోటి దగ్గర కూడు లాక్కుంటే!”

మన్సా మెల్లిగా తల అడ్డంగా ఊపింది.

“నీ వేషం ఆఖర్న వచ్చింది పిన్నీ, నేను చెప్పినట్టే, ఆ పిల్లని కడుపులో పెట్టుకుని చూసుకునే అమ్మ.”