పడనన్న దుర్యోధనుడు

అప్పటికి చెవిలో సలహాపూస అనే బుల్లి యంత్రం లేనివాళ్ళు ఊళ్ళో లేరు. వంకాయలు బేరమాడాలన్నా, వియ్యంకుడితో మాట్లాడాలన్నా అది గుసగుసలాడాల్సిందే. ముప్పై ఏళ్ళుగా దుర్యోధనుడి వేషం కడుతున్న పానకాలు, ఈసారైనా నాటక పోటీల్లో ఉత్తమ నటుడు అనిపించుకోవాలని పూస పెట్టుకునే స్టేజీ ఎక్కాడు.

భీముడి వేషంలో ఉన్న యోహాను గదతో తొడ మీద కొట్టాడు.

"పడొద్దు," అంది పూస. "పడ్డవాడికి బహుమతి రాదు."

పానకాలు పడలేదు. యోహాను మళ్ళీ కొట్టాడు. అయినా పడలేదు. జనం ఈలలు వేశారు.

"పడు బాబాయ్, పరువు పోతోంది," అని యోహాను గొణిగాడు.

హార్మోనియం వాయిస్తున్న రత్తమ్మ చెయ్యి ఆపేసింది. "ఏవయ్యా, ఆ దుర్యోధనుడు శకుని మాట విని చెడ్డాడు. నువ్వు పూస మాట విని చెడతావా?"

పానకాలు పూస పీకి విసిరేశాడు. రాజ్యంతో పాటు తన ముప్పై ఏళ్ళ ఆశా కూలినట్టు కూలాడు. స్టేజీ చెక్కలు దద్దరిల్లాయి.

హాలంతా లేచి నిలబడింది. "వన్స్ మోర్!"

పానకాలు లేచాడు. కిరీటం సర్దుకుని తొడ చరిచాడు.

"కొట్టరా అబ్బాయ్!"